అనంతపురం బోరునీళ్లూ, నా తలంటూ

"నీళ్లు పోసుకున్యావామ్మా?" అని ఇంటావిడ అడిగితే మొదటిరోజు బిత్తరపోయాను. మా కృష్ణా జిల్లాలో నీళ్లోసుకోవడమంటే కడుపుతో ఉండడం. అనంతపురంలో అది ఉత్త స్నానం. తలంటు అయితే "తలకు పోసుకోవడం". మాట ఒక్క పూటలో అర్థమైంది. నీళ్లు అర్థమవడానికి నాలుగు నెలలు పట్టింది.

కాలవ నీళ్లకు అలవాటుపడ్డ తలకు ఇక్కడి బోరు నీళ్లు పడవు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. ఆరాక జుట్టు జిగటగా ఉంటుంది, దువ్వెన పళ్ల మధ్య బూడిదరంగు మడ్డి చేరుతుంది. చుండ్రేమోనని ఒక షాంపూ, చిక్కులకు కండిషనరు, మెరుపుకు సీరం, అన్నీ కొన్నాను. అది చుండ్రు కాదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి కరగని తెట్టుగా విరుగుతాయి. జుట్టుకు పట్టేది ఆ తెట్టే.

అనుమానముంటే గాజు సీసాలో మూడోవంతు మీ బోరు నీళ్లు పోయండి. చెంచాడు ఫిల్టరు నీళ్లలో ఒంటిసబ్బు తురుము కరిగించి, పది చుక్కలు వేసి గిలకొట్టండి. నురగ నిలిస్తే మంచి నీళ్లు. పాలు విరిగినట్టు తెల్లటి తునకలు తేలితే బడి పుస్తకంలో చదువుకున్న కఠిన జలం, ఇక్కడి మాటలో ఉప్పునీళ్లు. షాంపూతో ఈ పరీక్ష పనికిరాదు. అందులో ఉండేది డిటర్జెంటు, ఉప్పునీళ్లలోనూ నురగ ఇస్తుంది. తాగే నీళ్లకైతే దేశంలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ బీఐఎస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాటకూడదంటుంది, గతిలేకపోతే 600 వరకు ఒప్పుకుంటుంది. తలకు ఎంతుండాలో ఎవరూ చెప్పరు.

నీళ్లు కాచి, చల్లార్చి, తేరినవి వంచుకుంటే కొంత నయం. గిన్నె అడుగున మిగిలే తెల్లటి చార ఆ పోయిన కాఠిన్యమే. కాకపోతే బైకార్బొనేట్ల వల్ల వచ్చేది మాత్రమే అలా పోతుంది, సల్ఫేట్లు, క్లోరైడ్లు మరిగించినా కదలవు. ఇంకో పొరపాటు చాలా ఇళ్లలో చూశాను. ఆర్‌ఓ మిషను పక్క గొట్టంలోంచి వృథాగా పోయే నీళ్లను, ఫిల్టరువే కదా అని బకెట్లో పట్టి తలకు పోసుకుంటారు. మిషను వదిలేసిన ఉప్పంతా ఉండేది వాటిలోనే, బోరు నీళ్లకంటే అవే ముదురు.

సబ్బు కొనేటప్పుడు టీఎఫ్‌ఎం, అంటే అందులో మొత్తం కొవ్వు పదార్థం ఎంత శాతమో, చూడమంటారు. 76 శాతం పైన ఉంటే ఒకటో గ్రేడు, 70 ఉంటే రెండు, 60 ఉంటే మూడు. నిజమే, కానీ ఈ ఊళ్లో అది సగం మాటే. ఎంత మేలు సబ్బైనా సబ్బు సబ్బే, ఈ నీళ్లలో విరగక మానదు. ఇక అంగడి ముందు తోరణాల్లా వేలాడే షాంపూ సాచెట్లు 1980లలో తమిళనాడు కడలూరు వైపు నుంచి ఊపందుకున్న వ్యాపారం. సీకాయ బొమ్మ ఉన్న సాచెట్టును తిప్పి చూశాను. పదార్థాల వరుసలో ముందు నీళ్లు, తర్వాత సోడియం లారెత్ సల్ఫేటు అనే డిటర్జెంటు, సీకాయ ఎక్కడో కింద. ఎక్కువున్నది ముందు రాయాలన్నది రూలు కాబట్టి బొమ్మకంటే ఆ వరుసనే నమ్మాలి.

ఇంటావిడ పద్ధతి వేరు. నడుము దాకా జుట్టుంటే పన్నెండు కుంకుడుకాయలు. రాతితో చితక్కొట్టి నల్ల గింజలు తీసేయాలి. తొక్కల్ని అర లీటరు వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి, పలుచటి బట్టలో వడకట్టాలి. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లు కాల్షియంతో విరగవు, అందుకే బోరు నీళ్లలోనూ నురగ కట్టలు కట్టుకుని వస్తుంది. రసం ఆ పూటకే, మర్నాటికి పులుస్తుంది. తలకు పెట్టిన నూనె మూడు చెంచాలు మించితే కాయలు రెట్టింపు కావాలి. పది మందారాకులు నూరి కలిపితే చిక్కు పడదు.

"కండ్లు మండితే నోట్లో ఉప్పుగల్లు ఏసుకో, దిగుతాది" అంది. మంట దిగిందో, ధ్యాస ఉప్పు మీదికి పోయిందో గానీ కళ్లు తెరవగలిగాను. చన్నీళ్లతో కడగడం మాత్రం మానొద్దు.

ఒంటికి సున్నిపిండి. పెసలు అర కిలో, శనగపప్పు అర కిలో, బియ్యం 100 గ్రాములు, కస్తూరి పసుపు 50, కచ్చూరాలు 50, ఎండబెట్టిన నారింజ తొక్క గుప్పెడు. రెండు రోజులు ఎండలో గలగలలాడేలా ఎండాలి, తేమ మిగిలితే నెలలో పురుగు పడుతుంది. మూలికల అంగడిలో బావంచాలు కూడా కట్టిస్తారు, నేను వేయను. వాటిలోని సొరాలెన్ అనే పదార్థం వల్ల చర్మం ఎండకు కమిలి నల్లమచ్చలు పడొచ్చు, అనంతపురం ఎండ సంగతి తెలిసిందే.

మిల్లులో బియ్యప్పిండి పట్టిన వెంటనే మనది పట్టమని అడగాలి. మిరపకాయల తర్వాత పట్టించుకుంటే ఆ స్నానం జన్మలో మర్చిపోరు. మరీ మెత్తగా వద్దు, బొంబాయి రవ్వకంటే కాస్త సన్నగా చాలు. స్నానాలగదిలో నీళ్లు పోయే జాలీ మీద పాత నైలాను గుడ్డ పరవాలి. మొదటిసారి నేను పరవలేదు, గొట్టంలో పిండి గడ్డకట్టిందని కింద పోర్షన్ వాళ్లు మెట్లెక్కి వచ్చి చెప్పారు.