ఫోటోలకీ, డిస్కు లేబుళ్ళకీ ఒకే ప్రింటర్: శ్రీకాకుళంలో మా ఇంట్లో పని ఎంతవరకు వచ్చిందంటే

డిస్కు మీద నేరుగా ప్రింట్ వేసే ప్రింటర్ ఇంటికొచ్చింది, ట్రే కుదిరింది, తప్పెటగుళ్ళ (గుండెకి తప్పెట కట్టుకుని పాడుతూ ఆడే మా ఉత్తరాంధ్ర జానపద కళ) సీడీల మొదటి విడత కూడా తయారైంది. తీసుకున్నది ఎప్సన్ ఎల్8050. అదే ఎందుకు, ఏ సెట్టింగులు పెట్టుకున్నాను అన్నది రాసి పెడుతున్నాను, ఇలాంటి పని పెట్టుకున్నవాళ్ళకి పనికొస్తుంది.

ముందు పనేంటో చెప్పాలి. మా నాన్నగారు జాతరలకి వెళ్ళి తప్పెటగుళ్ళ బృందాల పాటలు టేపు రికార్డర్‌లో పట్టిన క్యాసెట్లు ఇంట్లో పెట్టెడు ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆడియో సీడీలు చేసి, పాడినవాళ్ళ ఇళ్ళకే ఇస్తున్నాను. పెన్‌డ్రైవ్ ఇస్తే పోలేదా అంటారు గానీ, ఆ ఇళ్ళలో చాలా చోట్ల పాత డీవీడీ ప్లేయర్ ఇంకా టీవీ కిందే ఉంది, డిస్కు పెట్టి బటన్ నొక్కితే పాట వచ్చేస్తుంది, పైగా తాత బొమ్మ ఉన్న డిస్కుని ఎవరూ పారెయ్యరు. 90 నిమిషాల క్యాసెట్ 80 నిమిషాల సీడీలో పట్టదు, అందుకని ఒక్కో వైపుకి ఒక్కో డిస్కు. లేబుళ్ళూ రెట్టింపే. ఇది కాక చలికాలంలో మా జిల్లాలోనే పక్షులు వచ్చి వాలే తేలినీలాపురం వెళ్ళి గూడబాతుల (పెలికాన్ల) ఫోటోలు తీస్తుంటాను, వాటిని 4×6లోనూ, బాగా వచ్చినవాటిని ఏ4లోనూ వేసుకోవాలి.

ఈ రెండు పనులూ ఒకే మెషీన్ చెయ్యాలనగానే చాలా మోడళ్ళు పక్కకి పోయాయి. లేజర్ వేడితో టోనర్ అతికించే పద్ధతి, డిస్కుకి పనికిరాదు. స్టిక్కర్ లేబుల్ అతికించడం నాకు అసలు ఇష్టం లేదు, కాస్త పక్కకి అతికినా డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది, ప్లేయర్ లోపలి వేడికి అంచు లేస్తే డ్రైవ్‌లో ఇరుక్కుంటుంది. షాపుల్లో ఎక్కువగా చూపించే నాలుగు రంగుల ట్యాంక్ ప్రింటర్లు బిల్లులకీ పిల్లల ప్రాజెక్టులకీ బాగుంటాయి, కానీ వాటిలో నేను చూసిన వేటికీ డిస్కు ట్రే లేదు. పైగా చాలావాటిలో నలుపు పిగ్మెంట్ ఇంకు (కరగని రంగు పొడి కలిపినది), గ్లాసీ పేపర్ మీద ఫోటో వేసేటప్పుడు దాన్ని పక్కన పెట్టి మిగతా మూడు రంగులు కలిపి నలుపు తెప్పిస్తాయి. నల్లటి చోట్ల లోతు ఉండదు.

ఎల్8050లో ఆరు రంగులు, అన్నీ డై ఇంకులే (రంగు ద్రవంలో కరిగి ఉండేవి). మామూలు నాలుగింటికి లేత సయాన్, లేత మెజెంటా అదనం. గూడబాతు ఈకల బూడిద తెలుపులో ఈ రెండింటి విలువ తెలుస్తుంది. నాలుగు రంగుల ప్రింట్‌లో ఆ లేత చోట్ల సన్నటి చుక్కలు కనిపిస్తాయి, ఇందులో నున్నగా వస్తుంది. దీనికంటే ముందొచ్చిన ఎల్805 కూడా ఆరు రంగులదే, డిస్కు ట్రే ఉన్నదే. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే వదలక్కర్లేదు, కాకపోతే నాజిల్ చెక్ ప్రింట్ (ఇంకు రంధ్రాలు మూసుకుపోలేదని చూపే గీతల కాగితం) కళ్ళముందు తీయించుకుని, వేస్ట్ ఇంకు ప్యాడ్ (క్లీనింగ్‌లో వృథా అయ్యే ఇంకుని పీల్చుకునే మెత్త) మార్చారో లేదో అడిగి కొనండి. రెండింటికీ స్కానర్ లేదు, నాకు అవసరం రాలేదు.

ఇక డిస్కు. కవరు మీద ఇంక్‌జెట్ ప్రింటబుల్ అని ఉన్నదే కొనాలి, మామూలు వెండి రంగు డిస్కు మీద ఇంకు నిలవదు. వీటిలో రెండు రకాలున్నాయి, మధ్యలో పెద్ద గుండ్రం ఖాళీ వదిలేవి, రంధ్రం దగ్గర దాకా తెల్లపూత ఉన్నవి. నేను రెండో రకమే వాడుతున్నాను. సాఫ్ట్‌వేర్‌లో లోపలి వ్యాసం 23 మిల్లీమీటర్లు, బయటిది 117 పెట్టాను. 118 దాకా వెళ్ళొచ్చు గానీ డిస్కు ట్రేలో వెంట్రుకవాసి జరిగినా ఇంకు ట్రే మీద పడి, తరవాతి డిస్కు అడుగున అంటుకుంటుంది. సీడీ రాసేటప్పుడు తేడా వచ్చి పక్కన పడేసిన ప్రింటబుల్ డిస్కులు దాచుకోండి, ప్రింటు సరిగ్గా మధ్యకి వస్తోందో లేదో చూసుకోడానికి అవే వాడాలి. ముందు సీడీ రాసి, పాట మొత్తం విని, ఆ తరవాతే ప్రింట్. వేసిన డిస్కుని 24 గంటలు ఆరనివ్వాలి. వానాకాలం మన దగ్గర గాలిలో తేమకి అదీ చాలదు, ఇంకో రోజు ఉంచుతాను. ఆరినా తడి చెయ్యి తగిలితే రంగు వస్తుంది, ఈ సంగతి ఇచ్చేటప్పుడే చెప్పాలి.

లేబుల్ డిజైన్‌కి మనిషి మొహం పెడితే రంధ్రం ముక్కు మీదకో నుదుటి మీదకో వస్తుంది. అందుకని గుండెకి కట్టుకునే రేకు తప్పెటని ఎదురుగా ఫోటో తీసి డిస్కు నిండా పరిచాను, పాడిన తాతల ఫోటో పక్కకి చిన్నగా పెట్టి, కింద ఊరి పేరు, క్యాసెట్ మీద నాన్నగారు రాసుకున్న ఏడాది వేశాను. గుండ్రటి తప్పెట గుండ్రటి డిస్కుకి ఎంత చక్కగా అమరిందో చెప్పలేను. మొదటి డిస్కు అందుకున్న తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బావూ, ఇది బజార్ల కొన్నదేటి?" అన్నాడు. నా కష్టమంతా ఆ మాటకే తీరింది.

ఫోటో పేపర్ సంగతి. 180 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల లెక్క) చవక గ్లాసీ సరిచూసుకునే ప్రింట్లకి చాలు, దాచుకునేవాటికి 260 జీఎస్ఎం రెజిన్ కోటెడ్ (ప్లాస్టిక్ లాంటి పూత ఉన్నది) తీసుకోండి, తేడా చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. 4×6కి 1200×1800 పిక్సెళ్ళు ఉంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) వచ్చేస్తుంది. డ్రైవర్‌లో పేపర్ రకం సరిగ్గా ఎంచుకోండి. రంగులు ఫోటో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంటే డ్రైవర్‌లో కలర్ కరెక్షన్ ఆపెయ్యాలి, రెండూ ఒకేసారి సరిదిద్దితే తెల్ల పక్షికి కూడా వేరే రంగు ఛాయ వస్తుంది. డై ఇంకుకి గాలి కూడా శత్రువే, గోడకి ఊరికే అంటించిన ప్రింటు తొందరగా వెలిసిపోతుంది, అద్దం వెనకో ఆల్బమ్‌లోనో పెట్టండి. మిగిలిన పేపర్ జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో ఉండాలి.

కరెంటు విషయం మాత్రం గట్టిగా చెప్తాను. ప్రింటర్‌ని గోడ స్విచ్ దగ్గర ఆపకండి. దాని బటనే నొక్కితే ఇంకు చల్లే హెడ్ పక్కకెళ్ళి మూత కింద కూర్చుంటుంది, మధ్యలో కరెంటు పోతే హెడ్ బయటే ఉండిపోయి ఇంకు ఎండిపోతుంది. అందుకే మాది ఇన్వర్టర్ లైన్ మీద పెట్టాం. వారానికోసారి ఆరు రంగులూ తగిలేలా చిన్న ఫోటో ఒకటి వేస్తాను, హెడ్ క్లీనింగ్ మాత్రం నాజిల్ చెక్‌లో గీతలు తెగితేనే, ఎందుకంటే ప్రతి క్లీనింగూ ఇంకు తాగి వేస్ట్ ప్యాడ్ నింపుతుంది. లీటర్ల లెక్కన దొరికే చవక ఇంకు నేను పొయ్యను, ఈ డిస్కులు వాళ్ళ మనవల దాకా ఉండాలి.

ఇంక మిగిలింది రెండో విడత. బొబ్బిలి వైపు పట్టిన క్యాసెట్లలో టేపు హిస్ (వెనక వచ్చే బుస్సుమనే చప్పుడు) ఎక్కువుంది, అది కాస్త తగ్గించాక వాటి లేబుళ్ళు మొదలుపెడతాను. ఈలోపు డిస్కులు ఇంకో 50 డబ్బా తెప్పించాలి, లేత మెజెంటా సీసా కూడా, అదే అన్నిటికంటే ముందు తగ్గుతోంది.