"అందరికీ స్వాగతం" అంటే సంస్కారానికి కూడానా?

ఇంగ్లండ్‌లో ఆంగ్లికన్ గుడికి వెళ్తే మొదట వినబడేది "అందరికీ స్వాగతం". అది ఆరాధనకు చెప్పిన మాట. సంస్కారం, అంటే క్రీస్తు జ్ఞాపకంగా ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఎవరు తీసుకోవచ్చో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ (అక్కడి ఆంగ్లికన్ సంఘం) నియమావళిలో బి15ఎ అనే నియమం చెబుతుంది. బాప్తిస్మం లేనివాళ్లకు అందులో చోటు లేదు.

మన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో సంస్కారం తీసుకునేవాళ్లు నిశ్చింతగా వెళ్లి మోకరించొచ్చు. బాప్టిస్టులకూ లూథరన్లకూ అంతే. త్రిత్వాన్ని (తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ఒక్క దేవుడని) ఒప్పుకునే సంఘంలో బాప్తిస్మం పొంది, అక్కడ సంస్కారం తీసుకుంటూ, మచ్చ లేకుండా ఉంటే చాలు. త్రిత్వాన్ని ఒప్పుకోని 'జీసస్ ఓన్లీ' సంఘాలు ఈ లెక్కలోకి రావు. కేథలిక్కులది మరో చిక్కు: ఆంగ్లికన్లు రమ్మంటారు, వాళ్ల సొంత రోమ్ సంఘం వద్దంటుంది.

పిల్లల విషయంలోనే ఎక్కువ గొడవ. 2006 నిబంధనల ప్రకారం, బిషప్ అనుమతి ఉన్న గుడిలో బాప్తిస్మం పొందిన పిల్లలకు కన్ఫర్మేషన్‌కు (బిషప్ చేతులుంచి విశ్వాసాన్ని స్థిరపరిచే ఆరాధనకు) ముందే సంస్కారం ఇవ్వొచ్చు. ఇల్లు మారి, అనుమతి లేని గుడికి వెళ్లినా, ఒకసారి మొదలైన బిడ్డకు ఆపకూడదు. కానీ రుజువు చూపాలి. కాబట్టి బాప్తిస్మ పత్రం మీద ఆ తేదీ, చోటు రాయించుకోండి. పత్రం దగ్గర లేకపోతే విడిగా సర్టిఫికెట్ ఇస్తారు.

ఇక హిందూ అల్లుడో, కోడలో పక్కన ఉంటే? చేతికిచ్చిన ప్రసాదాన్ని కాదనకూడదని పెరిగినవాళ్లు, వరుస కదలగానే లేచి వెళ్తారు. రొట్టె బిళ్ల చేతిలో పెట్టేటప్పుడు గురువు ఎవరినీ సర్టిఫికెట్ అడగరు. తప్పు వాళ్లది కాదు, ముందు చెప్పనివాళ్లది. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఆశీర్వాదం ఇస్తారని ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి. అమెరికాలోని ఆంగ్లికన్ శాఖ ఎపిస్కోపల్ చర్చి నియమం కూడా బాప్తిస్మం అడుగుతుంది, అయినా శాన్‌ఫ్రాన్సిస్కోలోని సెయింట్ గ్రెగరీ ఆఫ్ నిస్సా గుడిలో అందరికీ ఇస్తారు. నియమాన్ని మార్చకుండా పక్కన పెట్టడం నాకు నచ్చదు.

తీసుకునేవాళ్లు కుడి అరచేతిని ఎడమ చేతి మీద చాపాలి. ద్రాక్షరసం గిన్నె వద్దనుకుంటే రొట్టె ఒక్కటే చాలు, అది సగం సంస్కారం కాదు. గ్లూటెన్ (గోధుమలోని ప్రొటీన్) పడనివాళ్లు ఆరాధనకు ముందే చెప్పాలి. రొట్టె, ద్రాక్షరసాల మీద చేసే ప్రతిష్ఠ ప్రార్థన అయ్యాక అడిగితే, వాళ్లకు సరిపడే బిళ్ల బల్ల మీద ఉండదు.