‘విషయం’ సంతకం ఇక్కడ

పోయిన సోమవారం దాకా నేనొక ‘విషయం’. మంగళవారం పొద్దున ఆస్పత్రోళ్ళు ఫోన్ చేసి, మందు మీద చేసే పరిశోధనకు మీరు పనికిరారని చెప్పినారు. కోపం చల్లారకముందే రాసిపెడుతున్నా. చల్లారినాక రాస్తే అంతా మర్యాదగా తయారవుతుంది.

నేను కడపలో 34 ఏండ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన రేకుల షెడ్డు, ఒక టేబులు, కార్బన్ కాగితాలు. క్రయాలు, తనఖాలు, భాగపరిష్కారాలు, వీలునామాలు. నా చేతి దస్తావేజు చెక్కుబందీ, అంటే హద్దుల వివరం, తప్పని వెనక్కి వచ్చింది ఒక్కటి కూడా లేదు, ఎవర్నైనా అడుక్కోండి. చూపు మందగించినాక మానేసినా. ఇప్పుడు 66. షుగరు వచ్చి 17 ఏండ్లు. రెండేండ్ల కింద మూత్రంలో ప్రోటీన్ పోతావుందని తేలింది.

చూపించుకునేది ఊర్లోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. పేరు రాయను. అక్కడి కిడ్నీ డాక్టరు చిన్నవయసోడు, ఓపిక ఉన్నోడు. ఒకరోజు, “సార్, కొత్త మందు మీద పరిశోధన జరుగుతోంది, చేరతారా?” అని అడిగినాడు. నేనేమన్నా ఎలుకనా నాయనా అన్నా. నవ్వి, నేను రోజూ వేసుకునే డపాగ్లిఫ్లోజిన్ మాత్ర పుట్టుపూర్వోత్తరాలు చెప్పినాడు. 1835లో ఆపిల్ చెట్టు బెరడులోనుంచి ఒక చేదు పదార్థం తీసినారంట. అది తింటే చక్కెర మూత్రంలో బయటికి పోతుందని ఇంకో యాభై ఏండ్లకు కనిపెట్టినారంట. ఆ వంశంలోదే నా మాత్ర. మొదట షుగరుకని వచ్చింది. కిడ్నీ జబ్బును కూడా నిదానం చేస్తుందని 2020లో తేలింది. 4304 మందిని తీసుకొని సగం మందికి ఆ మాత్ర, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చినారు. రెండేండ్ల పైచిలుకు చూస్తే, కిడ్నీ పనితనం సగానికి సగం పడిపోవడమో, డయాలసిస్ దాకా పోవడమో, కిడ్నీ వల్లో గుండె వల్లో ప్రాణం పోవడమో ఉత్త మాత్ర వాళ్ళలో నూటికి 14 మందికి పైగా జరిగింది, మందు వేసుకున్నవాళ్ళలో 9 మందికి. తేడా అంత గట్టిగా కనపడేసరికి అనుకున్నదానికంటే ముందే ఆపేసినారు. “ఆ నాలుగువేల మందీ ఎలుకనా అనుకొనుంటే ఈ మాత్ర మీ దాకా వచ్చుండేది కాదు సార్” అన్నాడు. ఆ మాట తగిలింది. సరే అన్నా.

మా చిన్నోడు బెంగళూరు నుంచే ఇంటర్నెట్‌లో మందుల పరిశోధనలు నమోదు చేసే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ తెరిచి ఈ పరిశోధన నెంబరు కొట్టి చూసినాడు, ఉంది. 2007లో పెట్టిన రిజిస్ట్రీ అది, ఎవరైనా ఊరకే చూడొచ్చు. పొలం కొనేముందు దాని మీద తనఖాలూ అమ్మకాలూ ఏమున్నాయో చూపే ఈసీ తీసినట్టు మీరూ చూసుకోండి. ఈసీజీ, రక్తం, బరువు, బీపీ అన్నీ ఒక పూటలో అయిపోయినాయి. ఒక్క రూపాయి తీసుకోలేదు.

అసలు కథ సమ్మతి పత్రం దగ్గర మొదలైంది.

19 పేజీలు, తెలుగే. ఇంటికి తీసుకుపోయి చదువుకోమన్నారు, అది మటుకు మెచ్చుకోవాల. నా కండ్లకు అంత చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి మా ఇంటావిడ వసారాలో కూచొని గట్టిగా చదువుతోంది. ఆమె చదువు ఎనిమిదో తరగతే గానీ సీరియల్ అన్నది వదలకుండా చదివే మనిషి. మూడో పేజీలో ఆగిపోయింది.

“ఏమండీ, దీంట్లో రెండు కండ్లూ పోతాయని రాసినారే.”

తెచ్చుకొని భూతద్దం పెట్టి చూసినా. ‘ఇది ఒక ద్వంద్వ అంధ విచారణ’ అని ఉంది.

షుగరు వచ్చినోనికి కండ్ల భయం ఎట్లుంటుందో షుగరు వచ్చినోనికే తెలుసు. నాకూ ఒక్క నిమిషం గుండె జారింది. తర్వాత కిందికి పోతే, ‘మీరు రెండు చేతులలో ఏదో ఒక చేతిలో యాదృచ్ఛికముగా ఉంచబడెదరు’ అని ఉంది. ఇంకో పేజీలో, ‘విషయమునకు ప్రతికూల ఘటన సంభవించినచో’. విషయం ఎవరబ్బా అని వెతికి వెతికి చూస్తే, నేనే. ఇంగ్లీషులో పాఠం అన్నా విషయం అన్నా, పరిశోధనలో చేరిన మనిషన్నా ‘సబ్జెక్ట్’ అని ఒకటే మాటంట. ఎవరో డిక్షనరీ తెరిచి మొదట కనపడిన అర్థం దించేసినారు. విచారణ అంటే నాకు తెలిసింది ముద్దాయికి జరిగేది. చేతులంటే భుజం కిందవి.

తర్వాత డాక్టరు చెప్పినాడు. ‘చేతులు’ అంటే జట్లంట. మందు వేసుకునేవాళ్ళది ఒక జట్టు, ఉత్త మాత్ర వాళ్ళది ఇంకో జట్టు, ఎవరు ఏ జట్టో కంప్యూటరు చీటీ వేసినట్టు వేస్తుంది. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలీదు, డాక్టరుకూ తెలీదు, ఇద్దరి కండ్లకూ గంతలు. తెలిస్తే రోగి మనసుతోనే బాగైపోయినాననుకుంటాడు, డాక్టరు కూడా ఆ కంటితోనే చూస్తాడు. ఎంత తేలిక మాట! దీన్ని ‘ద్వంద్వ అంధ’ అని రాసినవాణ్ణి మా షెడ్డు కింద ఒక్క వారం కూచోబెడితే బాగుపడుండేవాడు. మేమూ ‘స్వస్థచిత్తుడనై’, ‘నా తదనంతరం’ అని రాస్తాం, కాదనను. కానీ చివర ‘చదివి వినిపించగా విని సమ్మతించి’ అని రాసే ముందు నిజంగానే చదివి వినిపిస్తాం. అర్థం కాకపోతే ముసలమ్మ వేలు ఇవ్వదు.

ఈ పత్రాన్ని ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో చేరినోళ్ళకు అన్యాయం జరక్కుండా చూసే కమిటీ, చూసి ఒప్పుకుందంట. వాళ్ళ భాషలో దాన్నీ ఈసీ అనే అంటారు. కనీసం 7 మంది ఉండాల, అందులో వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు, లాయరు ఒకరు, ఆడమనిషి ఒకరు ఉండి తీరాలని నిబంధన. ఆ మామూలు మనిషి తెలుగు కాపీ తెరిచినాడా? నా ఈసీలో ఒక్క సర్వే నెంబరు తప్పితే బ్యాంకు లోను ఆగిపోతుంది.

రెండోసారి పోయినప్పుడు సంతకాలు. పరిశోధన పనులు చూసే కోఆర్డినేటర్ ఒక చిన్నమ్మాయి, మా మనవరాలి ఈడు. నేను ఎప్పట్లాగే పంచె కట్టుకొని టవలు వేసుకొని పోయినా. ఆయమ్మి ఫారం ముందర పెట్టుకొని అడిగింది, “సంతకం వచ్చా తాతా, వేలిముద్ర వేస్తావా?”

పక్కన మా ఇంటావిడ నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకునింది. నేనేం మాట్లాడలేదు.

“చదువు?” పదో తరగతి. “పని?” మానేసినా. “ఏడాదికి ఆదాయం?” ఇప్పుడేం లేదు పాపా, పిల్లోడు పంపుతాడు. ఆయమ్మి ఒక గడిలో టిక్కు కొట్టింది. ఎదుటోళ్ళ టేబులు మీద కాగితం తలకిందులుగా చదవడం మా వృత్తిలో మొదట నేర్చుకునే విద్య. ఆ గడి పక్కన ఇంగ్లీషులో వల్నరబుల్ అని ఉంది. ఇదేందని అడిగితే నసిగింది. పని లేనోళ్ళు, డబ్బు లేనోళ్ళు, నయం కాని జబ్బు ఉన్నోళ్ళు ఆ లెక్కలోకి వస్తారంట. అంటే మభ్యపెట్టడానికి వీలైనవాళ్ళు. కడపలో సగం ఊరి వీలునామాలు రాసిన చేతిని పట్టుకొని!

కొత్త మందయితే అట్లాంటివాళ్ళ సమ్మతిని వీడియో తీసి దాచాలని 2019 నాటి నిబంధనల్లో ఉంది. కాబట్టి ఒక గదిలో కూచోబెట్టి, స్టాండు మీద కెమెరా పెట్టి, ఫ్యాను శబ్దం పడుతుందని ఫ్యాను ఆపేసినారు. కడప ఎండలో. “మీకు ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి” అనింది. గొంతు సవరించుకొని మొదలుపెట్టినా: “కడప పట్టణం కాపురస్తుడనైన నేను, వయస్సు 66 సంవత్సరములు, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేక, నా మనఃపూర్వకముగా...”

“అట్ల కాదు తాతా, మీ మాటల్లో.”

“ఇవి నా మాటలే పాపా.”

ఆపింది. మళ్ళీ మొదట్నుంచి. రెండోసారి మధ్యలో కరెంటు పోయింది. మూడోసారి చెమటకు టవలు తడిసిపోయి, విసుగొచ్చి, “మందు పడుతుందో ఉత్తది పడుతుందో మనకు తెలీదు, డాక్టరుకూ తెలీదు, ఇష్టం లేకపోతే ఏరోజైనా మానుకోవచ్చు, మానుకున్నా ఇక్కడ వైద్యం ఆపరు, ఇంతే కదమ్మా?” అన్నా. సూపర్ తాతా అనింది.

తర్వాత నామినీ. సమ్మతి పత్రంలోనే ఆ గడి ఉంటుంది. పేరు, చిరునామా, ఏమవుతారు. మా ఇంటావిడ పేరు చెప్పినా. నామినీ ఎందుకని ఆమె అడిగింది. ఆయమ్మి ఫారంలో ఉన్నదే చదివింది: “విచారణ సంబంధిత మరణము సంభవించినచో పరిహారము నిమిత్తము.” ఈ ఒక్క ముక్క మటుకు మా ఇంటావిడకు చక్కగా అర్థమైంది.

“నా పేరు కొట్టేయ్ పాపా” అనింది.

నేను సర్దిచెప్పబోయినా. బ్యాంకు ఖాతాకూ నామినీ ఉంటారు కదా, ఎల్ఐసీకీ ఉంటారు కదా అన్నా.

“బ్యాంకోళ్ళు మాత్ర మింగమని చెప్పలేదు కదా.”

ఎన్ని వందలమంది ఆడవాళ్ళ ముందర వాళ్ళ మొగుళ్ళ వీలునామాలు చదివినానో నాకే లెక్క లేదు. దీనికి జవాబు దొరకలేదు. కెమెరా ఇంకా ఎర్రగా వెలుగుతానే ఉంది. ఆమె లేచి బయట వరండాలో బెంచీ మీద కూచునింది. కడాకు కొడుకు పేరు రాయించినా.

పరిహారం లెక్క కూడా పట్టుబట్టి చెప్పించుకున్నా, కాగితం మీద డబ్బు మాట ఉంటే వదిలే రకం కాదు నేను. ప్రాణం పోతే 8 లక్షలు మూలం. దాన్ని వయసు అంకెతో, ఆపైన జబ్బు తీవ్రత అంకెతో గుణించి 99.37తో భాగిస్తారు. 65 దాటినవాళ్ళ వయసు అంకె కూడా 99.37 కాబట్టి పైనా కిందా కొట్టుకుపోతాయి. మిగిలేది జబ్బు అంకె. ఆరోగ్యంగా ఉన్నోనికి 4, ఆరు నెలలకు మించి బతకడు అనుకున్నోనికి అర. అంటే జబ్బు ముదిరేకొద్దీ మనిషి ధర తగ్గుతుంది, పాత మోటారు సైకిలు లెక్క. ప్రాణం పోకుండా పరిశోధన వల్ల వేరే హాని ఏదన్నా జరిగితే వైద్యం ఖర్చు వాళ్ళదే. ఇది మీకు ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, అడగాల.

ఇంత రచ్చ ఎందుకని డాక్టరును నిలదీస్తే ఖమ్మం సంగతి చెప్పినాడు. 2009లో, అప్పుడు మనదంతా ఒకే రాష్ట్రం, ఆ జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా టీకా వేసే పరిశీలన ఒకటి జరిగింది. హాస్టళ్ళలో ఉన్న గిరిజన పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులు కాదు, చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టినారు. కొందరు పిల్లలు చనిపోయినారు. ఆ చావులకూ టీకాకూ సంబంధం లేదని తర్వాత కమిటీ తేల్చింది, కానీ సంతకాల సంగతి మటుకు నిజమే. 2010 ఏప్రిల్‌లో ఆపేసినారు, పార్లమెంటు కమిటీ దాకా పోయింది. అది విన్నాక ఫ్యాను ఆపినందుకు కోపం కొంచెం తగ్గింది. వార్డెన్ సంతకం! మైనరు ఆస్తి అమ్మాలంటే తండ్రి సంతకం కూడా చాలదు, కోర్టు అనుమతి కావాల. మైనరు ఒంటికి మటుకు వార్డెన్ చాలునంట.

సంతకం పెట్టిన కాపీ ఒకటి చేతికి తీసుకోకుండా లేవొద్దు. జిరాక్స్ మిషను చెడిపోయింది, రేపిస్తామన్నారు. నేను కదల్లేదు. ముప్పావుగంటకు మిషను బాగైంది.

ఆ తర్వాత మూడురోజులు వరసగా పొద్దున లేస్తూనే మొదటి మూత్రం డబ్బాలో పట్టి ఇచ్చి రావాల. మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఒక్కోరోజు ఒక్కోరకంగా ఉంటుంది, జ్వరం వచ్చినా బాగా నడిచినా పెరుగుతుంది, అందుకే మూడురోజుల సగటు. మూత్రంలో పోయే క్రియాటినిన్ అనే వ్యర్థంతో పోల్చి దాన్ని కొలుస్తారు, గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపల ఉంటే మామూలు. ఈ పరిశోధనలో చేరాలంటే 200 దాటాల. నాకు ముందు మా ల్యాబులో 340 వచ్చింది కాబట్టి ఎవరికీ అనుమానమే లేదు.

మంగళవారం ఫోన్. “తాతా, మీకు సగటు 168 వచ్చింది. స్క్రీన్ ఫెయిల్.”

34 ఏండ్లలో నా దస్తావేజు ఒక్కటి తిరిగిరాలేదు, నా ఒళ్ళు తిరిగొచ్చింది. డాక్టరేమో మంచిదే కదా సార్, ఉన్న మందులే బాగా పనిచేస్తున్నాయి అన్నాడు. మా ఇంటావిడ ఆ పొద్దు దేవుని కడపకు పోయి కొబ్బరికాయ కొట్టొచ్చింది, రాత్రి ఉద్దిపప్పు వడలు చేసింది.

నేను ఊరకుండలేక ఆ మూడో పేజీ నుంచి తొమ్మిదో పేజీ దాకా మనుషుల తెలుగులో తిరగరాసి, మంచి దస్తూరీతో, తీసుకుపోయి ఆయమ్మికి ఇచ్చినా. చదివి, “చాలా బాగుంది తాతా, కానీ వాడలేం” అనింది. అక్షరం మార్చినా మళ్ళీ కంపెనీకి పోవాల, దాన్ని ఇంగ్లీషులోకి తిప్పి సరిచూడాల, మళ్ళీ కమిటీ ముందర పెట్టాలంట. సరే, నీ దగ్గరే ఉంచుకో, వచ్చినోళ్ళకు నోటితో చెప్పేటప్పుడు పనికొస్తుంది అన్నా. సొరుగులో పెట్టుకునింది.

వచ్చిన ప్రతిసారీ ప్రయాణ ఖర్చులిస్తామని పత్రంలో 14వ పేజీలో ఉంది. ఐదుసార్లు ఆటోలో పోయొచ్చినా, ఒక్కసారివీ ఇయ్యలేదు. వోచరు మీద సంతకం పెట్టమన్నారు, పెట్టినా. కింద ‘విషయం సంతకం’ అని అచ్చేసి ఉంది. అకౌంట్స్ వాళ్ళు ఇయ్యాల రేపు అంటున్నారు. ఎథిక్స్ కమిటీ కార్యదర్శి ఫోన్ నెంబరు చివరి పేజీలో ఉంది, శుక్రవారం దాకా చూసి చేస్తా.