కకీకికి ఒక టీ

మా బ్యాచ్‌లో నన్ను సతీశ్ అని పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆ పాపం ఎం.ఏ. మొదటి ఏడాది ధ్వనిశాస్త్రం క్లాసుది.

ఆ మధ్యాహ్నం సారు బోర్డు మీద ప, క, హ, మ, న, ల, వ అని రాసి, పక్కన తలకిందులుగా ఒక కామా పెట్టారు. "హవాయి భాషలో హల్లులు ఈ ఎనిమిదే" అన్నారు. బెత్తం దెబ్బలు తిని 56 అక్షరాలు దిద్దుకున్న మాకు ఒళ్లు మండింది.

ఆ కామా గొంతులో గాలి ఠక్కున ఆగి విడిచే ధ్వని. 'పఉ' అంటే అయిపోయింది. మధ్యలో గొంతు ఆపితే మసి. అలా ఆపి, రెండు అచ్చులూ సాగదీస్తే ఆడవాళ్లు కట్టుకునే పావడా. అచ్చులు మాత్రం మనకు చుట్టాలే: అ ఇ ఉ ఎ ఒ, వాటి దీర్ఘాలు. రోమన్ లిపిలో రాయడం మొదలుపెట్టిన మిషనరీలు ఆ దీర్ఘాలను గాలికొదిలేశారు. 1826లో ఓట్లు వేసుకుని మరీ ట, ర లాంటి అక్షరాలను తీసేశారట! అప్పటిదాకా కమేహమేహ రాజు పేరును టమేహమేహ అని కూడా రాసేవారు. నీహౌ దీవిలో ఆ ట ఇప్పటికీ వినిపిస్తుంది.

"ట కాస్తా క అయిపోతే, మరి పాత క ఏమైంది సార్?" అని ఎవరో అడిగారు. సారు న్యూజిలాండ్ మావోరీల భాషతో పోల్చి చూపించారు. నిషేధం అనే అర్థమున్న వాళ్ల 'తపు' హవాయిలో 'కపు', వాళ్ల 'ఇక', అంటే చేప, ఇక్కడ మధ్యలో గొంతు ఆపి పలికే 'ఇʻఅ'. త వచ్చి క కుర్చీలో కూర్చుంది, క గొంతులోకి దిగిపోయింది. ఆ కుర్చీలాట నాకు ఇప్పటికీ ఇష్టం.

తర్వాత వేరే భాషల నుంచి అరువు తెచ్చుకున్న మాటలు. రెండు హల్లులు కలవకూడదు, మాట హల్లుతో ముగియకూడదు, స అసలే లేదు. డేవిడ్ కావిక అయ్యాడు, బ్రష్ పలకి అయింది, క్రిస్మస్ కలికిమక అయింది. మనమూ బస్సు, కారు అని చివర ఉకారం తగిలించి అజంత భాష, అంటే మాటలన్నీ అచ్చుతో ముగిసే భాష, అని మురిసిపోతాం కదా. "చివర అచ్చు ఉంటే సరా, స్త్రీ అనే మాటలో మూడు హల్లులు కలిపి పెట్టుకున్నాం కదరా" అని సారు నవ్వారు.

అంతలో ఆయన చూపు మొదటి బెంచీలో ఉన్న నా మీద పడింది. స పోయి క, త పోయి క, శ పోయినా కయే. చివర బ్రష్‌కు పెట్టినట్టే ఇకారం. కకీకి!

సాయంత్రానికల్లా క్యాంటీన్‌లో "కకీకికి ఒక టీ" అని కేకలు. ఖాతా పుస్తకంలోనూ అదే పేరు ఎక్కింది. ఆఖరి నెల బాకీ ఇంకా ఆ పేరు మీదే ఉంది.