మూడు ప్రోగ్రాములు, ఒకే మెమరీ: మిర్చి కాటా దగ్గర నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో ఎలక్ట్రానిక్ కాటాకు సాఫ్ట్‌వేర్ చేసే పని నాకు వచ్చింది. అక్కడ ఒక చిన్న లైనక్స్ మిషన్ మీద మూడు ప్రోగ్రాములు నడుస్తాయి. ఒకటి సీరియల్ పోర్టు నుంచి బరువు చదువుతుంది. రెండోది గోడ మీది పెద్ద బోర్డులో లాట్ నంబరు, రైతు పేరు, బరువు చూపిస్తుంది. మూడోది పట్టీ, అంటే రైతుకు ఇచ్చే లెక్క చీటీ, రాస్తుంది. అప్పటిదాకా మొదటిది డిస్క్ మీద ఫైల్లో రాస్తే మిగతా రెండూ అందులోంచి చదువుకునేవి. సీజన్లో టిక్కీ (మిర్చి బస్తా) వెంట టిక్కీ కాటా ఎక్కుతుంటే బోర్డు వెనకబడిపోయేది.

"అమ్మాయ్, రైతు చూసేది బోర్డునే. అక్కడ తేడా కనబడితే కాటా మీదే అనుమానం వస్తుంది" అన్నారు గుమాస్తా గారు. ఏడాది కష్టం ఆ అంకె మీద ఉంది కాబట్టి ఆయన మాట నాకు గట్టిగానే తగిలింది. ఫైల్ తీసేసి షేర్డ్ మెమరీ, అంటే ప్రోగ్రాములు నేరుగా చదివి రాసుకునే ఉమ్మడి మెమరీ, పెడదామని నిర్ణయించుకున్నాను.

మామూలుగా ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) మెమరీని ఇంకో ప్రాసెస్ ముట్టుకోలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ముట్టుకోనివ్వదు. ఇద్దరికీ కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను అడిగి ఒక భాగాన్ని ఉమ్మడిగా తీసుకోవాలి. లైనక్స్‌లో దీనికి ప్రధానంగా రెండు దారులున్నాయి. పాతది సిస్టమ్ ఫైవ్ పద్ధతి, అంకెల కీలతో నడుస్తుంది. రెండోది పోసిక్స్ పద్ధతి, పేర్లతో నడుస్తుంది. నేను పోసిక్స్ తీసుకున్నాను. ఎస్‌హెచ్‌ఎం ఓపెన్ అనే ఫంక్షన్‌కు స్లాష్‌తో మొదలయ్యే పేరు ఇస్తే ఫైల్ డిస్క్రిప్టర్, అంటే తెరిచినదాన్ని సూచించే ఒక అంకె, వస్తుంది. ఎఫ్‌ట్రంకేట్‌తో సైజు చెప్పి, ఎమ్‌మ్యాప్‌తో మన అడ్రస్‌లలోకి తెచ్చుకోవాలి. ఎమ్‌మ్యాప్‌లో షేర్డ్ అనే ఫ్లాగ్ తప్పనిసరి. ప్రైవేట్ అని ఇస్తే మనం రాసింది మనకే కనబడుతుంది, అవతలివాళ్లకు చేరదు. డెవ్ కింద ఉన్న ఎస్‌హెచ్‌ఎం ఫోల్డర్‌లో ఆ పేరు ఫైల్‌లా కనిపిస్తుంది, కానీ ఉండేది ర్యామ్‌లోనే. మనం అడిగింది రెండు మూడు వందల బైట్లే అయినా మ్యాప్ అయ్యేది పూర్తి పేజీ, అంటే ఆ మిషన్‌లో 4096 బైట్లు.

ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది.

మిషన్ ఆన్ కాగానే ఏ ప్రోగ్రామ్ ముందు లేస్తుందో చెప్పలేం. పేరు పుట్టాక, సైజు ఇంకా పెట్టకముందే బోర్డు ప్రోగ్రామ్ దాన్ని తెరిస్తే సైజు సున్నా. దాన్ని మ్యాప్ చేసి చదవబోతే బస్ ఎర్రర్‌తో (వెనక లేని మెమరీని ముట్టుకున్న తప్పు) పడిపోతుంది. అందుకని తయారు చేసే బాధ్యత కాటా ప్రోగ్రామ్ ఒక్కదానికే ఇచ్చాను. మిగతావి తెరవడమే, సృష్టించవు. తెరిచాక సైజు సరిపోయిందో లేదో చూసుకుంటాయి. అన్నీ నింపాక చివర రాసే ఒక గుర్తు అంకె కనబడేదాకా ఆగుతాయి.

తర్వాత పర్మిషన్లు. రెండు ప్రోగ్రాములు వేరువేరు యూజర్ల కింద నడుస్తున్నాయి. తయారు చేసేటప్పుడు అందరికీ అనుమతి అని రాసినా యూమాస్క్ అనే సెట్టింగ్ అందులోంచి కొంత కోసేస్తుంది. ఇద్దరినీ ఒకే గ్రూపులో పెట్టి, తయారయ్యాక 0660 (యజమానికీ గ్రూపుకూ మాత్రమే చదివే, రాసే అనుమతి) అని విడిగా పెడితే సరిపోయింది.

రైతు పేరు దగ్గర మాత్రం చాలాసేపు కూర్చున్నాను. పాత కోడ్‌లో పేరు పాయింటర్‌గా ఉంది. పాయింటర్ అంటే ఒక ప్రాసెస్‌లోని అడ్రస్. అదే మెమరీ రెండో ప్రాసెస్‌లో వేరే అడ్రస్ దగ్గర మ్యాప్ కావచ్చు, పైగా పేరు అసలు ఆ ఉమ్మడి భాగంలోనే లేదు. కాబట్టి పేరు మొత్తం అక్షరాలుగా ఉమ్మడి మెమరీలోని స్ట్రక్చర్ లోపలే ఉండాలి. ఎన్ని బైట్లు? పాత ఫారంలో 32 ఉంది. యూటీఎఫ్ 8 అనే అక్షరాల కోడ్‌లో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు, సున్న, ఒక్కోటి మూడేసి బైట్లు తీసుకుంటాయి. 'వెంకటేశ్వర్లు' అని రాస్తే అలాంటి ముక్కలు 13, మొత్తం 39 బైట్లు. 32లో పెడితే 'వెంకటేశ్వర' దాకా వచ్చి, తర్వాత ప్రశ్నార్థకం పెట్టె కనబడుతుంది. మా వైపు ఊరికి ఎంతమంది వెంకటేశ్వర్లు గార్లు ఉంటారో వేరే చెప్పాలా! ఇంటిపేరుతో కలిపి పట్టేలా 192 బైట్లు పెట్టాను. బరువును గ్రాముల్లో పూర్ణాంకంగా ఉంచాను, దశాంశాల లెక్కల్లో తేడా రాకుండా.

లాట్ నంబరు మారి, బరువు ఇంకా మారకముందే బోర్డు చదివితే? కొత్త రైతు పేరు కింద పాత రైతు బరువు. కంటికి ఆనీ ఆనకుండా పోయినా అది అబద్ధమే, ఒప్పుకోలేను. దీనికి తాళం కావాలి. ముందు సెమఫోర్ (ఒక కౌంటర్‌తో నడిచే తాళం) చూశాను. దాన్ని ఉమ్మడి మెమరీలోనే పెట్టి, ప్రాసెస్‌ల మధ్య వాడతామని దాన్ని తయారు చేసే సెమ్ ఇనిట్ ఫంక్షన్‌లో చెప్పాలి. కానీ తాళం పట్టుకున్న ప్రాసెస్ మధ్యలో చచ్చిపోతే ఆ సెమఫోర్‌ను వదిలేవాళ్లుండరు, మిగతావి అలా ఎదురుచూస్తూనే ఉంటాయి. అందుకే రోబస్ట్ మ్యూటెక్స్ అనే ఇంకో రకం తాళానికి మారాను. పట్టుకున్నవాడు పోతే తర్వాత తాళం అడిగినవాడికి 'ఓనర్ డెడ్' అని జవాబు వస్తుంది. లోపలి డేటా సరిచూసుకుని, మ్యూటెక్స్‌ను మళ్లీ వాడకానికి తెచ్చుకోవచ్చు.

నన్ను బాగా టెన్షన్ పెట్టింది ఇంకొకటి. కాటా ప్రోగ్రామ్ రీస్టార్ట్ అయింది. ఎక్కడా ఎర్రర్ లేదు, బోర్డు మాత్రం 41.250 కిలోల దగ్గర నిలబడిపోయింది. కాటా మీద టిక్కీలు మారుతూనే ఉన్నాయి. కారణం ఎస్‌హెచ్‌ఎం అన్‌లింక్. అది పేరునే తీసేస్తుంది. అప్పటికే మ్యాప్ చేసుకున్నవాళ్ల దగ్గర పాత మెమరీ అలాగే ఉంటుంది. రీస్టార్ట్‌లో పాత పేరు తీసేసి అదే పేరుతో కొత్తది పుట్టింది, బోర్డు ఇంకా పాతదాన్నే చదువుతోంది. ఇప్పుడు రీస్టార్ట్‌లో అన్‌లింక్ చేయడం లేదు, ఉన్నదాన్నే తెరిచి వాడుకుంటుంది. దానితోపాటు ప్రతి రీడింగ్‌కూ పెరిగే కౌంటర్ ఒకటి పెట్టాను. రెండు సెకన్లు అది కదలకపోతే బోర్డు మీద అంకెలు పోయి గీతలు వస్తాయి. తప్పు బరువు కంటే గీతలే నయం. అవి కనబడగానే కాటా ఆపాలని హమాలీలకు కూడా చెప్పాం.

పట్టీ ప్రోగ్రామ్‌ను మాత్రం ఈ పద్ధతిలోంచి తప్పించాను. బోర్డుకు కావాల్సింది ఇప్పటి బరువు ఒక్కటే, మధ్యలో ఒక రీడింగ్ దాటిపోయినా నష్టం లేదు. పట్టీకి అలా కాదు, ప్రతి టిక్కీ లెక్కలోకి రావాలి. షేర్డ్ మెమరీలో కొత్తది రాగానే పాతది చెరిగిపోతుంది కాబట్టి, ఖాయమైన బరువులను యూనిక్స్ సాకెట్ (ఒకే మిషన్‌లోని ప్రోగ్రాముల మధ్య సందేశాల దారి) ద్వారా పంపి, అందినట్టు జవాబు వచ్చాకే తర్వాతి టిక్కీకి వెళ్లేలా చేశాను.

అప్పగించే ముందు గుమాస్తా గారిని పక్కన కూర్చోబెట్టుకుని, తూకం మధ్యలో కాటా ప్రోగ్రామ్‌ను కిల్ మైనస్ 9 అనే ఆదేశంతో ఉన్నపళంగా చంపి చూపించాను. గీతలు వచ్చాయి, ప్రోగ్రామ్ మళ్లీ లేచింది, బరువు వచ్చింది. "ఇంకోసారి చెయ్యమ్మా" అన్నారు. మళ్లీ చేశాను. ఆ తర్వాతే సంతకం పెట్టారు. రెండో కాటా కూడా కలపమంటున్నారు. దానికి వేరే పేరుతో ఇంకో భాగం, దాని తాళం దానికే పెడతాను.