గేర్‌బాక్స్ దించాలట

నిద్ర పట్టట్లేదు. కారణం నా పాత స్పోర్ట్స్ కారు ఎర్రమ్మే, ఇంకెవరు.

పొద్దున్న వెనక్కి తీద్దామని రివర్స్ వేస్తే గర్‌ర్‌ర్‌మని పళ్ళు నూరింది. క్లచ్ పెడల్ వదిలేసి గబగబా రెండు మూడు సార్లు తొక్కి మళ్ళీ వేస్తే, ఏమీ ఎరగనట్టు గేరు పడిపోయింది. తర్వాత సిగ్నల్ దగ్గర ఫస్ట్‌లో పెట్టి, పెడల్ నేలకంటా తొక్కి పట్టుకున్నా సరే, బండి మెల్లమెల్లగా ముందుకు పాకుతోంది. బ్రేకు మీద కాలు తీస్తే ముందు బండి వెనకాలకి అతుక్కునేలా ఉంది.

ఇది నన్ను అంతగా ఏడిపించలేదు. పాత బండి కొన్నవాడు ఇలాంటివాటికి సిద్ధపడే కొంటాడు. ఏడిపించింది ఆ మెకానిక్ మాట. బానెట్ ఎత్తలేదు, పెడల్ మీద కాలు పెట్టలేదు, స్టార్ట్ చెయ్యమనైనా అడగలేదు. ఫోన్లోంచి తల సగం ఎత్తి, "క్లచ్ ప్లేట్లు పోయాయి సార్, గేర్‌బాక్స్ దించాలి" అన్నాడు. తమ్ముడికి ఫోన్ చేస్తే వాడూ అదే పాట. చివరికి చిన్నోడు కూడా "ప్లేట్లే కదా నాన్నా?" అంటున్నాడు. వాడికి క్లచ్ ఏ కాలి కింద ఉంటుందో తెలీదు!

క్లచ్ పని ఇంజన్ని గేర్‌బాక్స్‌తో కలిపి పట్టడం, పెడల్ తొక్కితే వదిలెయ్యడం. ప్లేటు అరిగితే క్లచ్ పట్టదయ్యా. నాది వదలట్లేదు. పట్టకపోవడం వేరు, వదలకపోవడం వేరు. పట్టని క్లచ్ అయితే పై గేరులో ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను అరుపు పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు, కాసేపటికి కాలిన కంపు వస్తుంది. అది కూడా చూశాను. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో, తక్కువ ఆర్‌పీఎం (ఇంజను తిరిగే వేగం) దగ్గర, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. ఆర్‌పీఎం ముల్లూ, బండి వేగం ముల్లూ కలిసే లేచాయి, కంపు లేదు, గింపు లేదు. (ఆ లాగుడికి కాసేపు అసలు విషయమే మర్చిపోయాననుకోండి.)

ప్లేటు వంకరపోయినా, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్‌లో స్ప్రింగు విరిగినా క్లచ్ వదలకపోవచ్చు, కాదనను. కానీ అప్పుడు పెడల్ పంపు కొట్టినంత మాత్రాన బాగుపడదు. పెడల్ తోపుని క్లచ్ దాకా మోసేది గొట్టంలోని ఆయిల్. పంపు కొడితే గేరు పడుతోందంటే తప్పు ఆయిల్ దారిలో ఉన్నట్టే. ఎక్కడో కారుతోంది, లేదా లైన్లో గాలి చేరింది. బండి అమ్మినాయన "స్పోర్ట్స్ కారు క్లచ్ అంటే అంతే సార్" అన్నాడు. గట్టి స్ప్రింగున్న క్లచ్ పెడల్ బరువుగా ఉండాలి. నాది మెత్తగా కిందికి దిగిపోయి, నేలకి అంగుళం పైన ఎక్కడో పట్టుకుంటోంది. అది స్పోర్ట్స్ లక్షణం కాదు, రోగ లక్షణం.

సాయంత్రం క్లచ్ ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గింది, రంగు నల్లబడింది. లోపలి రబ్బరు సీళ్ళు అరిగి కలిస్తే అలాగే నల్లబడుతుంది. పెడల్ పైన, మాస్టర్ సిలిండర్ (తొక్కితే ఆయిల్‌ని నెట్టేది) రాడ్డు దగ్గర వేలు పెట్టి చూశా, పొడిగా ఉంది. బండి కిందకి దూరి స్లేవ్ సిలిండర్ (ఆ ఆయిల్ తోపుతో క్లచ్‌ని వదిలించేది) రబ్బరు తొడుగు అంచు కొంచెం ఎత్తాను. మోచేతి దాకా నల్లటి చుక్కలు జారాయి. దొరికింది దొంగ! బయటికొచ్చి అదే చెయ్యి ఫెండర్ మీద వేయబోతే మా ఆవిడ కేక పెట్టింది కాబట్టి సరిపోయింది. ఆ ఆయిల్ పెయింటుని తినేస్తుంది.

ఇక్కడితో టపా ముగించి, ఆ మెకానిక్‌ని నాలుగు తిట్లు తిట్టి పడుకుందామనుకున్నా. కానీ మావయ్య గుర్తొచ్చాడు.

మావయ్య పాత కారు బాగుచేసేటప్పుడు నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టేవాడు. సీటు అంచుకి జారితే గానీ నా కాలు అందేది కాదు. ఇంజను న్యూట్రల్లో ఆడుతుంటే, ఆయన బానెట్ దగ్గర తల ఓ పక్కకి వంచి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. "తొక్కు. ఊఁ. వదులు. మళ్ళీ తొక్కు." ఎవరు ఏ మోత గురించి చెప్పినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "తొక్కినప్పుడా, వదిలినప్పుడా?" తొక్కితే వచ్చే మోత రిలీజ్ బేరింగ్‌ది (తొక్కినప్పుడు క్లచ్‌ని నెట్టేది), తొక్కితే ఆగిపోయే మోత గేర్‌బాక్స్ లోపలి బేరింగ్‌ది అనేవాడు. ఊరికే పెడల్ మీద కాలు ఆనించి నడిపేవాళ్ళని చూస్తే మండిపోయేవాడు. "క్లచ్ కాలిపీట కాదురా!" పాపం, ఆయన బండెక్కడానికి అత్తయ్యే భయపడేది.

సరే, ఇందాక కిందకెళ్ళి స్టార్ట్ చేశా. న్యూట్రల్, కాలు తీసేశా, చప్పుడు లేదు. తొక్కా. సన్నగా కీఁ.... వదిలా. పోయింది.

రిలీజ్ బేరింగ్. అది ఉండేది ఇంజనుకీ గేర్‌బాక్స్‌కీ మధ్య. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి! దించాక పాత ప్లేటు మళ్ళీ ఎవరూ బిగించరు. ప్లేటు, ప్రెషర్ ప్లేట్, బేరింగ్ మూడూ కలిపే వేస్తారు, పనిలో పని ఫ్లైవీల్ ముఖం, క్రాంక్ వెనక సీలు కూడా చూస్తారు. అంటే ఫోన్లోంచి సగం తలెత్తి ఆ మెకానిక్ చెప్పిందే జరిగేలా ఉంది. ఇందుకే నిద్ర పట్టట్లేదు. పరీక్షలన్నీ చేసింది నేను, ఆయనేమో గాల్లో రాయి విసిరాడు. అది తగిలితే ఆయనది అనుభవం, నాది చాదస్తం.

కానీ ఒకటి. ఆయన చెప్పినట్టే ప్లేట్లు మార్చి, కారే స్లేవ్‌ని అలాగే వదిలేస్తే, కొత్త ప్లేట్లతో కూడా రివర్స్ ఇలాగే పళ్ళు నూరుతుంది. అప్పుడు "గేర్‌బాక్సే పోయింది సార్" అనేవాడు, అనుమానమే లేదు.

కాబట్టి ముందు స్లేవ్. మాస్టర్‌దీ అదే వయసు, రెండూ ఒకేసారి. ఒక్కటే కొత్తది బిగిస్తే రెండో పాతది ఇవాళ కాకపోతే రేపు కారుతుంది, మళ్ళీ అదే చాకిరీ. ఆయిల్ మొత్తం కొత్తది. బేరింగ్ కూత ఇంకా సన్నగానే ఉంది, పెరిగినప్పుడు చూద్దాం. పెరిగేదాకా ఆ మెకానిక్ ముఖం చూడను.

గాలి తియ్యడానికి రేపు పెడల్ మీద మనిషి కావాలి. ఆవిడ ఒప్పుకుంది. గాలి బయటికి పోయే నిప్పిల్ తెరిచి ఉండగా కాలు ఎత్తితే మళ్ళీ గాలి పీల్చుకుంటుంది, నేను చెప్పాకే వదలాలి అని వివరంగా చెబుతుంటే మధ్యలోనే ఆపేసింది. "తొక్కమంటే తొక్కుతా, వదలమంటే వదులుతా. ఒక్కసారి అరిచారో, దిగి లోపలికెళ్ళిపోతా."