సీటీఎఫ్‌మాన్.ఈఎక్స్‌ఈని ముట్టుకోకండి

మా మామయ్య తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు ఎవరో టాస్క్ మేనేజర్ (కంప్యూటర్లో నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా) తెరవడం నేర్పారు. అప్పటినుంచి అందులో కొత్త పేరు కనిపిస్తే చాలు, నాకు ఫోను వస్తుంది. మొన్న వచ్చిన అనుమానం: "సీటీఎఫ్‌మాన్.ఈఎక్స్‌ఈ అట, వైరస్‌లా ఉందిరా. తీసేయనా?"

"వద్దు మామయ్యా! మీ తెలుగు టైపింగుకు అది కావాలి" అన్నాను.

కీబోర్డు భాష మార్పిడి, చేతిరాత, మాటలతో టైపు చేయడం వంటి పనులకు విండోస్ వాడుకునే ప్రోగ్రాము అది. ఆపేస్తే విండోస్ 10, 11లలో స్టార్ట్ మెనూ వెతుకుపెట్టెలో ఒక్కోసారి ఇంగ్లిష్ అక్షరం కూడా పడదు.

అలాగని పేరు చూసి నమ్మకూడదు కూడా. వైరస్ రాసేవాడు తన ఫైలుకు ఏ పేరైనా పెట్టుకుంటాడు. అందుకే నేను ముందు చిరునామా అడుగుతాను. ఆ పేరు మీద కుడి క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కమన్నాను. "సీ... విండోస్... సిస్టమ్32" అని మామయ్య కూడబలుక్కుని చదివారు. సరే, సొంత ఇంట్లోనే ఉంది. అదే టెంప్ ఫోల్డర్లోనో డౌన్‌లోడ్స్‌లోనో దొరికితే కథ వేరు. (64 బిట్ల విండోస్‌లో 64 బిట్ల ఫైళ్లు సిస్టమ్32లో, 32 బిట్లవి సిస్‌వావ్64లో ఉంటాయి. ఈ పేర్లు పెట్టిన మహానుభావులకు ఓ నమస్కారం.)

తర్వాత డిజిటల్ సంతకం, అంటే ఫైలు ఎవరు తయారుచేశారో చెప్పే ముద్ర. ప్రాపర్టీస్‌లో ఆ ట్యాబే లేదని మామయ్య కంగారుపడ్డారు. విండోస్ ఫైళ్లలో చాలావాటి సంతకం ఫైలులో కాక విడిగా ఒక కేటలాగ్‌లో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్' ఎంచుకుంటే ఆ సంతకాన్నీ పరీక్షిస్తుంది. ఇంకా అనుమానం తీరకపోతే, ఫైళ్లను చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ వెబ్‌సైటు ఉంది. ఫైలు ఎక్కించనక్కర్లేదు, దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెలూ అక్షరాల వరుస) ఇచ్చి వెతికితే చాలు. ఎక్కించిన ఫైళ్లు భద్రతా సంస్థల చేతికీ వెళ్తాయి కాబట్టి నేను హ్యాష్‌తోనే సరిపెడతాను.

మర్నాడు మళ్లీ ఫోను: "ఎస్‌వీసీహోస్ట్ ఇన్నిసార్లు ఎందుకుందిరా?" విండోస్ తెర వెనక పనులను, అంటే సర్వీసులను, నడిపే ప్రోగ్రాము అది. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి, 3.5 జీబీకి మించి ర్యామ్ ఉన్న యంత్రాల్లో చాలా సర్వీసులు విడివిడి ఎస్‌వీసీహోస్ట్‌లలో నడుస్తాయి. ఎన్ని ఉన్నా ఫరవాలేదు కానీ, వీ, సీ తారుమారై 'ఎస్‌సీవీహోస్ట్' అని ఉంటే మాత్రం అర్ధరాత్రైనా సరే ఫోను చేయమన్నాను.